పదకొండు నెలల అగ్రిమెంటు వెనక కథ

విజయవాడ పటమటలో గానీ, గుంటూరు బ్రాడీపేటలో గానీ డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చాక చేతికొచ్చే స్టాంపు కాగితంలో గడువు సాధారణంగా 11 నెలలే ఉంటుంది. అద్దె చట్టమే అలా చెప్పిందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు.

మూలం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. మొదట్లో దాని 17వ సెక్షన్ ప్రకారం ఏడాది దాటిన లీజునే రిజిస్టరు చేయించాల్సి వచ్చేది. లేకపోతే కాగితంలోని షరతులు కోర్టులో సాక్ష్యంగా నిలవవు. స్టాంపు డ్యూటీ తగ్గుతుందని, ఫీజు, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు తిరుగుడు తప్పుతాయని ఒక నెల తగ్గించి రాసుకోవడం మొదలైంది. 1999 రాష్ట్ర సవరణ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఏ గడువు లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటరీ ముద్ర పడితే రిజిస్ట్రేషన్ అయిపోయినట్టేనన్నది మరో అపోహ.

కిరాయిదారు ఖాళీ చేయడేమోనన్న యజమానుల భయానికి వేరే చట్టం కారణం. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద కిరాయిదారును ఖాళీ చేయించాలంటే, అద్దె కావాలని ఎగ్గొట్టాడనో, ఇల్లు ఇంకొకరికి ఇచ్చాడనో, తమకే అవసరమనో రెంట్ కంట్రోలర్ (అద్దె తగాదాలు విచారించే అధికారి) ముందు రుజువు చేయాల్సి వచ్చేది. గడువు తీరిందంటే సరిపోయేది కాదు. అంటే ఏ భయంతో 11 నెలలు రాశారో, ఆ భయానికి అది మందే కాదు!

1957 ఆగస్టు 26 నుంచి కట్టిన ఇళ్లకు ఆ చట్టం మొదట్లో వర్తించేది కాదు. ఆ మినహాయింపును సుప్రీంకోర్టు 1983లో కొట్టేసింది. అదే డిసెంబరులో ప్రభుత్వం జీవో 636 తెచ్చి, కొత్త భవనాలకు పదేళ్లు, నెలకు రూ.1,000 మించిన అద్దెలకు పూర్తిగా మినహాయింపు ఇచ్చింది. 2005 సవరణతో కార్పొరేషన్లలో నివాసాలకు ఆ పరిమితి రూ.3,500 అయింది. అపార్టుమెంట్ల అద్దెలు దాన్ని ఎప్పుడో దాటేశాయి. అలాంటి ఫ్లాట్లకు మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. కొత్త కాగితం లేకుండా నెలనెలా అద్దె ఇస్తూ ఉండిపోతే, దాని 106వ సెక్షన్ కింద ఖాళీ చేయించడానికి 15 రోజుల నోటీసు సరిపోయేది. రక్షణ పోయింది, భయం మాత్రం పోలేదు.

2017లో రాష్ట్రం 1960 చట్టం స్థానంలో కొత్త అద్దె చట్టం చేసింది. స్టాంపు కాగితంలో మాత్రం అంకె మారలేదు.

రాజధాని ఎత్తుపల్లాలు కిరాయిదారుకు నేరుగా తగిలింది ఈ గడువు దగ్గరే. 2014 విభజన తర్వాత, 2016లో వెలగపూడికి సచివాలయం కదిలాక ఉద్యోగులు ఇళ్ల కోసం విజయవాడ, గుంటూరు, మంగళగిరి గాలించారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటనతో అంతా అనిశ్చితిలో పడింది. 2024లో అమరావతి పనులు మళ్లీ ఊపందుకున్నాయి. పొడవైన లీజు ఉంటే ఈ ఊగిసలాట కొన్నేళ్లపాటు కిరాయిదారును తాకదు. 11 నెలల కాగితమైతే ప్రతి రెన్యువల్లోనూ యజమాని కొత్త రేటు అడగొచ్చు.

అందుకే గడువు కన్నా మిగతా షరతులను గట్టిగా చూసుకోవాలి. రెన్యువల్లో అద్దె ఎంత శాతం పెరుగుతుందో అంకెలో రాయించండి. ‘మార్కెట్ రేటు’ అన్న మాట ఒప్పుకోవద్దు. నోటీసు రెండువైపులా రెండు నెలలుండాలి. అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, అందులో పెయింటింగుకు ఎంత కోస్తారో తేలాలి. గొడవలన్నీ ఎక్కువగా అక్కడే. చేరే రోజు కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి, ఆ అంకె కాగితంలో వేయించాలి. 2024 సెప్టెంబరు బుడమేరు వరద చూశాక సింగ్‌నగర్ వైపు ఇల్లు తీసుకునేవాళ్లకు ఇంకో షరతు కూడా కావాలి: సెల్లారులో నీళ్లు చేరి మోటారు, లిఫ్టు పాడైతే రిపేరు ఖర్చు యజమానిదా, నెలవారీ మెయింటెనెన్సులోంచి తీస్తారా అన్నది.