ఉప్పుగాలిలో టవరు బోల్టు

కళింగపట్నం, బారువ వంటి తీరగ్రామాల్లో నిలబెట్టిన యాంటెన్నా టవరుకు గాలి ఒక్కటే శత్రువు కాదు. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను ఉధృతి కొన్ని గంటలదే గాని, ఉప్పు మాత్రం ఏడాది పొడవునా బోల్టుల మీద పేరుకుంటూనే ఉంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకు అందులో సగం కూడా అక్కర్లేదు. అందువల్ల పైకి పొడిగా కనిపించే బోల్టు మీద సైతం పలుచని ఉప్పునీటి పొర ఉంటుంది.

ఆ తడిలో రెండు వేర్వేరు లోహాలు తాకితే, తేలికగా ఎలక్ట్రాన్లను వదులుకునే లోహం కరిగిపోయి రెండోదాన్ని కాపాడుతుంది. ఇనుముకు జింకు పూత వేయడంలోని కిటుకు ఇదే. ఎంతకాలం కాపాడుతుందన్నది పూత మందాన్ని బట్టి ఉంటుంది. హార్డ్‌వేరు కొట్లో మెరిసే ఎలక్ట్రోప్లేటింగ్ (కరెంటుతో జింకు పూత వేసిన) బోల్టుకు ఆ మందం సాధారణంగా 5 నుంచి 12 మైక్రాన్లే (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు); దాదాపు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకులో ముంచి తీసిన, బూడిదరంగులో గరుకుగా ఉండే బోల్టుకు అది 40 మైక్రాన్లు దాటుతుంది. మెరుపు చూసి కొన్నవారు తీరంలో రెండుసార్లు కొంటారు. మందపు పూతకు చోటు కావాలి కనుక ఈ బోల్టుకు మర కాస్త వదులుగా కోసిన నట్టే వాడాలి.

అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే పెడితే పోలేదా అని చాలామంది అడుగుతారు. 304 రకానికి ఉప్పుగాలిలో గుంటలు పడతాయి; 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం మేలు. కానీ బలం సంగతి వేరు: తలపై 8.8 అని ముద్ర ఉన్న బోల్టు చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడును తట్టుకుంటే, స్టెయిన్‌లెస్‌లో తరచుగా దొరికే ఏ2-70 రకం తట్టుకునేది 700 మాత్రమే. కాబట్టి టవరు కాళ్లను కలిపే చోట డిజైనులో రాసిన గ్రేడును మార్చకూడదు. నేనైతే 316ను యాంటెన్నా క్లాంపులకే కేటాయిస్తాను. అక్కడ కూడా మరలకు గ్రీజు వంటిది రాయకుండా వేగంగా బిగిస్తే నట్టు మధ్యలోనే పట్టేసి, కోసి తీయవలసి వస్తుంది.

జోడీలో పరిమాణం కూడా ముఖ్యమే. పెద్ద జింకు పూత పలకకు చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు బిగిస్తే, నష్టం పలకంతటా పంచుకుపోయి నెమ్మదిగా సాగుతుంది. పెద్ద స్టెయిన్‌లెస్ పలకకు చిన్న జింకు పూత బోల్టు బిగిస్తే, నష్టమంతా బోల్టు మీదే పడి దాని పూత త్వరగా కరిగిపోతుంది. రాగి తీగనైతే తాకనివ్వకపోవడమే కాదు, అల్యూమినియం యాంటెన్నాకు పైన కూడా ఉంచకూడదు. రాగి మీదుగా కారిన వాననీరు పడినచోట అల్యూమినియానికి గుంటలు పడతాయి.