ఉమ్మడి బావి, నాలుగు లెక్కలు

నర్సంపేట దగ్గర మా ఊళ్లో నలుగురు అన్నదమ్ములకు కలిపి ఒకే బావి. వారిలో ఎవరిని అడిగినా "మాకు బావి ఉంది" అంటారు. అందులో అబద్ధం లేదు. కానీ నలుగురి మాటా రాసుకుని కూడితే ఆ చెలకలో నాలుగు బావులు తేలతాయి.

హనుమకొండలో నా దగ్గర కంప్యూటర్ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి సరిగ్గా ఈ చిక్కునే తెచ్చింది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే ఆమె కంప్యూటర్‌లో ర్యామ్ 4 జీబీ. బ్రౌజర్‌లో ట్యాబులు వరుసగా తెరిచి, ఒక్కో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) ఎంత మెమరీ పట్టుకుందో కాగితం మీద కూడింది. మొత్తం 5 జీబీ దాటింది. "ఉన్నదే 4 కదా సార్, పైగా ఇంకా ఖాళీ చూపిస్తోంది" అంది.

ఆమె కూడికలో తప్పు లేదు. తప్పంతా ఆ అంకెలను కూడవచ్చు అనుకోవడంలోనే ఉంది. ఆమె చూసింది ఆర్‌ఎస్‌ఎస్ అనే లెక్క: ఒక ప్రాసెస్ వాడుకుంటున్న పేజీల్లో ఇప్పుడు ర్యామ్‌లో ఉన్నవన్నీ. పేజీ అంటే సాధారణంగా 4,096 బైట్ల ముక్క. దాదాపు అన్ని ప్రోగ్రాములకూ అవసరమయ్యే సి లైబ్రరీ వంటివాటి కోడును ఆపరేటింగ్ సిస్టమ్ ర్యామ్‌లో ఒక్కచోటే ఉంచి అందరికీ అదే చూపిస్తుంది. ఆర్‌ఎస్‌ఎస్ మాత్రం ఆ ఉమ్మడి పేజీని ప్రతి ఒక్కరి ఖాతాలోనూ పూర్తిగా రాస్తుంది.

బావి మోటారు కాలిపోతే అన్నదమ్ములు ఖర్చును నాలుగు వాటాలు వేసుకుంటారు. 2008లో వచ్చిన లినక్స్ 2.6.25లో చేరిన పీఎస్‌ఎస్ లెక్క అచ్చంగా ఇదే. ఒక పేజీని ఎన్ని ప్రాసెస్‌లు వాడుతుంటే అన్ని వాటాలు. నాలుగు ప్రాసెస్‌లకు తలా 40 ఎంబీ సొంతం, నలుగురికీ కలిపి 60 ఎంబీ ఉమ్మడి అనుకుందాం. ఆర్‌ఎస్‌ఎస్ తలా 100, కూడితే 400. పీఎస్‌ఎస్ తలా 55, కూడితే 220. నిజంగా ర్యామ్‌లో ఉన్నదీ 220 ఎంబీయే.

అందులో ఒకదాన్ని మూసేస్తే తిరిగి వచ్చేది ఎంత? 55 కాదు, 40 మాత్రమే. బావి ఎక్కడికీ పోదు. మిగిలిన ముగ్గురి వాటా 15 నుంచి 20కి పెరుగుతుంది. వాళ్లు కొత్తగా ఏమీ తీసుకోకపోయినా వాళ్ల పీఎస్‌ఎస్ 60 అవుతుంది. ఈ సొంత 40 ఎంబీనే యూఎస్‌ఎస్ అంటారు. మెమరీ చాలక ఏది మూయాలా అని చూసేవారికి ముందుగా కావలసింది ఈ అంకే అని నా గట్టి నమ్మకం.

సొంతానికీ ఉమ్మడికీ మధ్య గట్టు కూడా కదులుతూనే ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌లు సాధారణంగా జైగోట్ అనే ఒక తల్లి ప్రాసెస్ నుంచి చీలి పుడతాయి. పుట్టిన క్షణంలో తల్లి పేజీలే బిడ్డవీ. దేన్నీ నకలు తీయరు. బిడ్డ ఏదైనా పేజీలో ఒక్క బైటు మార్చబోయినా చాలు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ అడ్డుపడి ఆ ఒక్క పేజీకి నకలు తీసి చేతికిస్తుంది. అప్పటి నుంచి ఆ 4,096 బైట్లూ బిడ్డ సొంతం. అలా, ప్రోగ్రాము కొత్తగా మెమరీ అడగకపోయినా దాని యూఎస్‌ఎస్ పెరుగుతుంది. ఎంత అందమైన పొదుపు ఇది!

లినక్స్‌లో ఈ వివరమంతా ప్రతి ప్రాసెస్‌కూ ఉండే ఎస్‌మ్యాప్స్ అనే ఫైలులో దొరుకుతుంది. కెర్నల్ పేజీ పేజీనీ తడిమి చూడాలి కాబట్టి దాన్ని చదవడం కొంచెం నిదానం. ఆ అమ్మాయి ఓపిగ్గా ఒక్కో ప్రాసెస్ ఫైలూ తెరిచి పీఎస్‌ఎస్ వరుసలు కూడింది. ఈసారి మొత్తం 3 జీబీ లోపే వచ్చింది.