చార్‌ధామ్ గ్రూపు టూరు: రేటు చూసే ముందు రోజులు లెక్కపెట్టండి

ఉత్తరాఖండ్‌లోని యమునోత్రి, గంగోత్రి, కేదార్‌నాథ్, బదరీనాథ్, ఈ నాలుగూ కలిపి చార్‌ధామ్. శివరాత్రికి కేదార్‌నాథ్ గుడి తెరిచే తేదీ ప్రకటిస్తారు. ఆ మర్నాటి నుంచే టూరు ఆపరేటర్లకు ఫోన్లు మొదలవుతాయి. మొదటి ప్రశ్న ‘మనిషికి ఎంత పడుద్దండీ?’ రెండోది ‘వేరేవాళ్లు ఇంకా తక్కువకే తీసుకెళ్తున్నారట కదా?’ ఎన్ని రోజులు, రాత్రి బస ఏ ఊళ్లో అని అడిగేవాళ్లు తక్కువ. అసలు అడగాల్సింది అదే.

అపోహ: రేటు తక్కువైతే అంత డబ్బు మిగిలినట్టే.

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. డీజిల్, హోటలు, భోజనం ఖర్చు ఏ ఆపరేటరుకైనా దాదాపు ఒకటే. రేటు బాగా దించాలంటే రోజులు కోయాలి, లేదంటే బస దూరంగా పెట్టాలి.

హరిద్వార్ నుంచి వేళ్ల మీద లెక్కేసుకోండి. మొదటి రోజు బార్కోట్. రెండో రోజు జానకీచట్టి దాకా బండి, అక్కణ్నుంచి ఐదారు కిలోమీటర్లు ఎక్కి యమునోత్రి, మళ్లీ బార్కోట్. మూడో రోజు ఉత్తరకాశి. నాలుగో రోజు గంగోత్రి, రానూపోనూ 200 కిలోమీటర్లు. ఐదో రోజు గుప్తకాశి. దూరం 200 పైచిలుకే అయినా ఘాట్ రోడ్డు, పొద్దంతా దానికే సరి. ఆరో రోజు కేదార్ ఎక్కడం, ఏడో రోజు దిగడం. ఎనిమిదో రోజు బదరీనాథ్. తొమ్మిదో రోజు కిందికి బయల్దేరి రుద్రప్రయాగ దగ్గర బస, పదో రోజు హరిద్వార్. సికింద్రాబాద్ నుంచి రైల్లో ఢిల్లీకి ఒక రోజు, అక్కణ్నుంచి హరిద్వార్‌కు ఇంకో పూట, కలిపి రెండు రోజులు లెక్క; తిరుగు ప్రయాణానికీ అంతే. మొత్తం 14 రోజులకు తగ్గదు. కరపత్రంలో ‘రైల్లో 11 రోజులు, నాలుగు ధామాలు’ అని ఉంటే మూడు రోజులు ఎక్కడికి పోయాయో అడగండి.

సాధారణంగా కోత పడేది కేదార్ దగ్గర. టూరు బండి సోన్‌ప్రయాగ్ దాటి పోదు. అక్కడ లోకల్ జీపు కోసం లైన్లో నిలబడి గౌరీకుండ్‌కు 5 కిలోమీటర్లు వెళ్లాలి. ఆ పైన 16 కిలోమీటర్ల ఎక్కుడు, అలవాటు లేనివాళ్లకు ఏడెనిమిది గంటలు. మధ్యాహ్నం దాటితే గౌరీకుండ్ నుంచి పైకి వదలకపోవచ్చు కూడా. ప్రోగ్రాములో ‘అదే రోజు దర్శనం, తిరిగి గుప్తకాశి’ అని రాసి ఉంటే, సాయంత్రానికి పైకి చేరినవాళ్లు దిగలేరు. ఎంత అడిగితే అంతిచ్చి సొంత డబ్బుతో గది తీసుకుంటారు. కింద బస్సులో మిగతావాళ్లు ఎదురుచూస్తూ విసుక్కుంటుంటారు.

‘గుప్తకాశి లేదా పరిసరాల్లో బస’ అన్న ముక్క మీదా కన్నేయండి. రుద్రప్రయాగ కూడా ‘పరిసరాలే’ అంటారు. అక్కణ్నుంచి సోన్‌ప్రయాగ్ ఇంకా 70 కిలోమీటర్లు. కొండదారిలో రాత్రిపూట యాత్ర బండ్లు తిరగనివ్వరు కాబట్టి, పొద్దున మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి. సీతాపూర్, రాంపూర్, ఫాటా, గుప్తకాశి, వీటిలో ఏ ఊరో వాట్సాప్‌లో రాయించుకోండి. ఫోన్లో చెప్పిన మాటకు రుజువుండదు.

ఇక కరపత్రంలో చిన్నక్షరాల్లో ఉండేవి. రేటు మీద 5 శాతం జీఎస్టీ: 30,000 అన్నది 31,500 అవుతుంది. గుర్రం, డోలీ, గౌరీకుండ్ జీపు, పూజల ఖర్చు మీదే. గదికి నలుగురు అని ఉంటే భార్యాభర్తలకు విడిగా గది కావాలన్నప్పుడు అదనం. ఏసీ బస్సన్నా కొండ ఎక్కేటప్పుడు ఏసీ ఆపేస్తారు, అది మామూలే, గొడవపడొద్దు. కొండచరియ విరిగి ఒక రాత్రి ఎక్కడో ఆగిపోతే ఆ గది, భోజనం ఖర్చు చాలా ప్యాకేజీల్లో యాత్రికులదే. ఇవన్నీ కలిపాక రెండు ప్యాకేజీలు పోల్చండి. తక్కువన్నదే ఎక్కువగా తేలడం తరచూ చూసేదే.

బడ్జెట్ చాలకపోతే ధామాలు తగ్గించుకోండి, రోజులు తగ్గించుకోవద్దు. కేదార్, బదరి రెండే అయితే హరిద్వార్ నుంచి ఆరు రోజుల్లో తీరిగ్గా అవుతుంది. ‘ఎలాగూ వెళ్తున్నాం, నాలుగూ చూసేద్దాం’ అని ఏడు రోజుల్లో నాలుగు ధామాలకు ఎక్కినవాళ్లకు కిటికీ తప్ప ఏమీ గుర్తుండదు. నడక, హిమాలయాలు చూడటం ఇష్టమైనవాళ్లు తెల్లవార్లూ భజనలు చేసే గ్రూపులో ఇమడలేరు, అటువైపువాళ్లూ అంతే. గ్రూపులో ఎలాంటివాళ్లు వస్తున్నారో అడగడం తప్పేం కాదు.

అపోహ: హెలికాప్టర్ టికెట్ ఏజెంటు ఎలాగోలా ఇప్పిస్తాడు.

కేదార్ హెలికాప్టర్ టికెట్లు ఐఆర్‌సీటీసీ హెలీయాత్ర సైట్లోనే. ఉత్తరాఖండ్ ప్రభుత్వం దగ్గర చేసుకునే యాత్ర రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా బుక్ కాదు. ‘కోటా ఉంది, అడ్వాన్సు పంపండి’ అంటే పంపకండి. బరువు 80 కిలోలు దాటితే అదనపు చార్జీ. వర్షాకాలంలో ఎగరడం మీద భరోసా పెట్టుకోవద్దు.

అపోహ: గ్రూపుతో వెళ్తే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

ప్రతి మనిషికీ కావాలి. ఆన్‌లైన్లో ఉచితం. దానికి వందలు వసూలు చేస్తుంటే అడగండి.

అపోహ: తెలుగు వంటవాడు వస్తాడు, తిండికి ఢోకా లేదు.

కింద హోటళ్ల దాకా నిజమే. కేదార్ పైకి వంటసామాను ఎక్కదు. ఆ రెండు రోజులూ ఆలూ పరాఠా, మ్యాగీ. పులిహోర పొడి, కారప్పొడి దగ్గర పెట్టుకోండి.

అపోహ: అరవై దాటినవాళ్లు ఆశ వదులుకోవాల్సిందే.

అమ్మానాన్నల కోసం భయపడుతూ అడిగేవాళ్లకు చెప్పేదొకటే: వయసు కాదు, గుండె, ఊపిరి, మోకాళ్లు చూడాలి. కేదార్ ఎత్తు 3,583 మీటర్లు. ముందు డాక్టరుకు చూపించి, బీపీ, షుగరు మందులు రెండింతలు పెట్టుకోండి, ఒక భాగం బస్సు లగేజీలో, ఒకటి ఒంటి మీది సంచిలో. పైన కేదార్‌లో రాత్రి బస ఉన్న ప్యాకేజీయే తీసుకోండి. ఆయాసం తగ్గకపోతే పంతం పట్టకుండా దించేయండి. డోలీ, గుర్రం డబ్బులు దారిలో ఎవరి చేతికీ ఇవ్వకుండా కౌంటర్లోనే కట్టి, దిగేదాకా రసీదు పారేయకండి.