చిత్రకారుడి మీద పుస్తకం, దాని ఎత్తుగడ (మొదటి పేరా): అపోహలు - వాస్తవాలు

చిత్రకారుల మీద వచ్చే పుస్తకాలకు ఎడిటింగ్ చేయడం నా పని. అచ్చుకు వెళ్ళే ముందు మొదటి పేరాను కొంతమందికి పంపి చదివిస్తాం. అప్పుడు రచయితలకు పట్టుకునే టెన్షన్ ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. దామెర్ల రామారావు మీద చేసిన ఒక చిత్తుప్రతిని దగ్గర పెట్టుకుని ఇది రాస్తున్నాను.

అపోహ: పుట్టిన తేదీతోనే మొదలుపెట్టాలి.

వాస్తవం: రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టారు. కాలేజీ ప్రిన్సిపల్ కూల్డ్రే దొర ఆయన చేతిలోని పనితనాన్ని గుర్తించి ప్రోత్సహించారు. తర్వాత బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకున్నారు. ఇవన్నీ పుస్తకంలో ఉండాల్సినవే. రెండో పేజీలో చెప్పినా నష్టమేమీ లేదు.

అపోహ: కళ్ళు చెమర్చే మాటతో మొదలైతే పాఠకుడు పుస్తకం వదలడు.

వాస్తవం: నేనూ చాలాకాలం ఇదే నమ్మాను. రామారావు 1925లో మశూచి సోకి, 28 ఏళ్ళు నిండకుండానే చనిపోయారు. మా మొదటి ప్రతి ఆ మరణంతోనే మొదలైంది. చదివిన వాళ్ళందరూ కదిలిపోయారు. కానీ వాళ్ళు అడిగినవి చూస్తే నాకు మనసు చివుక్కుమంది. మశూచికి అప్పట్లో టీకా లేదా, ఇంట్లోవాళ్ళు ఏమయ్యారు అని అడిగారే తప్ప ఒక్కరూ బొమ్మల గురించి అడగలేదు. ఆయన గీసిన బొమ్మల మీద పుస్తకం వేస్తూ, మొదటి పేరాలోనే చూపును వాటి మీద నుంచి మళ్ళించేశాం.

మళ్ళీ రాశాం. ఈసారి ఎత్తుగడ ఇది: "ఒకామె జడలో పూలు తురుముతున్నారు. రామారావు బొమ్మ 'పుష్పాలంకరణ'లో జరిగేది ఇంతే. ఇంత చిన్న పనిని ఆయన ఎంత నెమ్మదిగా చూశారో ఆ గీత చెబుతుంది." ఈసారి వచ్చిన మొదటి ప్రశ్న, రాజమండ్రిలో దామెర్ల పేరుతో ఉన్న ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళాలంటే ఏ స్టేషన్లో దిగాలి అని. నాకు కావాల్సింది అదే. మరణం ఎనిమిదో పేజీకి వెళ్ళింది. బొమ్మలు చూశాక చదివితే అక్కడ ఇంకా బరువుగా తగిలింది.

అపోహ: పొగడ్త లేకపోతే కళాకారుణ్ణి తక్కువ చేసినట్టు.

వాస్తవం: "తెలుగు చిత్రకళకు వెలుగుబాట" అన్న మాటను ఇంకో చిత్రకారుడి పేరు పక్కన పెట్టి చూడండి. పదిమందికి సరిపోతే కొట్టేయండి.

అపోహ: అచ్చు కాకముందే పంచుకుంటే ఎవరైనా ఎత్తుకుపోతారు, హక్కు పోతుంది.

వాస్తవం: మీరు రాసినప్పుడే కాపీరైట్ మీది. మన చట్టంలో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తేదీ తెలిసేలా ఒక ప్రతిని మీ మెయిల్‌కే పంపుకోండి. పబ్లిషర్‌తో ఒప్పందం అయిపోయుంటే మాత్రం వాళ్ళకు చెప్పి పంచుకోండి.

అపోహ: పాత బొమ్మే కదా, వాక్యాల పక్కన పెట్టేయొచ్చు.

వాస్తవం: ఇక్కడే ఎక్కువమంది చిక్కుల్లో పడతారు. చిత్రకారుడి పేరుతో వెలువడ్డ బొమ్మకు ఆయన చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. రామారావు బొమ్మలకు ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. పత్రికలకు బొమ్మలు వేసి, 1992లో చనిపోయిన వడ్డాది పాపయ్య బొమ్మలకైతే 2052 చివరిదాకా లెక్క పెట్టుకోవాలి. ఆ హక్కు కుటుంబానిదా, బొమ్మ వేయించుకున్న పత్రికదా అన్నది ఒక్కో బొమ్మకూ విడిగా కనుక్కోవాలి. గ్యాలరీలో ఫొటో తీయాలంటే అక్కడివాళ్ళను అడగాలి.

ఇంకొకటి. నీటిరంగుల బొమ్మను వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైలు కుదించుకుపోయి పలుచటి రంగుల తేడాలు చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. కింద బొమ్మ పేరు, ఏ రంగులతో వేశారో, ఇప్పుడు ఎక్కడుందో రాయండి.