పుష్పక్ పుట్టిల్లు

పిల్లలూ,

పోయిన ఆదివారం నా పాత ఫోటో చూసి, "తాతయ్యా, విమానం రెక్కకి గుడ్డ చుట్టారా? వానకి తడిసిపోదా?" అని పకపకా నవ్వారు కదా. అది నిజంగా గుడ్డే, నూలు గుడ్డ. పక్కన గడకర్రలా నిలబడింది నేనే. అప్పట్లో ఓ ఫ్లయింగ్ క్లబ్బులో మెకానిక్‌ని.

దాని పేరు పుష్పక్. బెంగళూరులో హెచ్‌ఏఎల్ అనే మన విమానాల కంపెనీ తయారుచేసింది. 1958 సెప్టెంబరులో మొదటిసారి ఎగిరింది. పేరు మనదే గానీ పుట్టిల్లు మాత్రం అమెరికాలోని ఒహాయో. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడి ఎరాంకా కంపెనీ ఛాంప్, చీఫ్ అని రెండు చిన్న విమానాలు తెచ్చింది. ఛాంప్‌లో ఇద్దరూ ముందొకరు, వెనకొకరు కూర్చోవాలి. చీఫ్‌లో పక్కపక్కనే. ఖర్చు కలిసొస్తుందని రెండింటికీ చాలా భాగాలు ఒకేలా పెట్టారు. ఆ చీఫే మన పుష్పక్‌కి మూలం. రామాయణంలో పుష్పకాన్ని రావణుడు కుబేరుడి దగ్గర లాక్కున్నాడు. మనవాళ్లు అలా కాదు, హక్కులు కొనుక్కున్నారు!

చీఫ్ ఇంజను 65 హార్స్‌పవర్, పుష్పక్‌ది 90. ఎండకి గాలి పలచబడితే రెక్కకి పట్టు తగ్గుతుంది. మన వేసవిలో ఆ అదనపు బలం బాగా అక్కరకొచ్చేది. స్టార్టర్ బటన్ లేదు, ప్రొపెల్లర్‌ని చేత్తోనే తిప్పాలి. తిప్పగానే వెనక్కి జరగాలి, లేకపోతే చెయ్యి ఉండదు.

ఇక గుడ్డ సంగతి. రెక్క చట్రానికి గుడ్డ తొడిగి, మైనం రాసిన దారంతో కుట్టి, దానిమీద డోప్ అనే ద్రవం పూతలు పూతలుగా పూసేవాళ్లం. మీ అమ్మ నెయిల్ పాలిష్ వాసనే, కాకపోతే షెడ్డంతా నిండిపోయేది. ఆరేకొద్దీ గుడ్డ బిగిసి, గోటితో కొడితే డప్పులా మోగేది. నీళ్లు జారిపోయేవి. దానికి పడనిది ఎండ, గుడ్డ చివికిపోయేది. ఒకరోజు ఓ పాత రెక్కని ఊరికే వేలితో నొక్కాను, వేలు లోపలికి దిగిపోయింది! షెడ్డులో మా పెద్దాయన తిట్లన్నీ తిని, మాసిక వేశాను. మాసిక అంచుని రంపం పళ్లలా కత్తిరించాలి, అప్పుడే పోగులు ఊడవు.

ఆ చిరిగిన ముక్క ఇంకా నా ట్రంకు పెట్టెలో ఉంది. సెలవులకి వచ్చినప్పుడు తీసి చూడండి, అప్పడంలా పెళపెళలాడుతుంది.

మీ తాతయ్య