లెక్కలోకి రాని అడవి

ఒక ఎకరం నేల ఉందనుకోండి. అందులో వరి వేయొచ్చు, పశువులకు మేత పెంచొచ్చు, ఉన్న చెట్లను అలాగే వదిలేయొచ్చు, లేదా విద్యుత్ ప్లాంటులో మండించడానికే ఒక రకం గడ్డి పండించొచ్చు. నాలుగూ ఒకే ఎకరంలో కుదరవు. అమెరికా ఆర్థికవేత్త జే ఎడ్మండ్స్ లెక్కలన్నీ చివరికి ఈ ఎకరం దగ్గరికే చేరాయి.

మొదట్లో ఆయన చూసింది ఇంధనాన్నే. 1980ల ఆరంభంలో మరో ఆర్థికవేత్త జాన్ రైలీతో కలిసి బొగ్గు, చమురు, గ్యాసు ఎంత కాలుతాయో, ఎంత కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుందో అంచనా వేసే కంప్యూటర్ మోడల్ కట్టారు. వాతావరణ మార్పు మీద ప్రభుత్వాలకు నివేదికలిచ్చే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ ఇంకా పుట్టలేదప్పటికి. ఆ మోడలే పెరిగి పెరిగి ఇవాళ్టి జీక్యామ్ అయింది. ఎవరైనా ఉచితంగా దించుకుని నడిపి చూడొచ్చు. ఇంత పెద్ద పనిముట్టును అలా అందరి చేతికీ ఇవ్వడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

అది పనిచేసే తీరు మన మార్కెట్ యార్డు లాంటిదే. గిరాకీ మిగిలిపోతే ధర పెంచుతుంది, సరుకు మిగిలిపోతే దించుతుంది. గోధుమలు, బొగ్గు, కరెంటు, కలప అన్నింటికీ లెక్క కుదిరేదాకా ఇదే పని. కుదిరాక ఐదేళ్లు ముందుకు జరుగుతుంది. అలా 2100 దాకా. నేల కూడా ఎందులో రాబడి ఎక్కువో అటు మొగ్గుతుంది.

2009లో ఎడ్మండ్స్ బృందం 'సైన్స్' పత్రికలో ఒక ఫలితం ప్రచురించింది. మొదటిసారి చదివినప్పుడు నాకు గుండె గుభేల్‌మంది. బొగ్గు, చమురు పొగ మీద మాత్రమే పన్ను వేసి, చెట్లలో, మట్టిలో ఉన్న కార్బన్‌కు ధర కట్టలేదనుకోండి. అప్పుడు ఇంధన పంటకు ఎక్కడలేని గిరాకీ వస్తుంది. అడవిని నరికితే పన్ను లేదు కదా! మోడల్‌లో శతాబ్దం ముగిసేలోగా సహజమైన అడవులు దాదాపు మాయమైపోయాయి. వాతావరణాన్ని కాపాడాలని పెట్టిన పన్నే వాటిని మింగేసింది.

నేలలోని కార్బన్‌కూ అదే ధర కడితే అడవులు పెరిగాయి. కానీ తిండి గింజల ధరలూ పెరిగాయి, గొడ్డు మాంసం వాడకం తగ్గింది. పేదవాడి కంచం గురించి ఆలోచించకుండా ఈ మాట దాటలేం. అందుకే ఆ వ్యాసంలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది మరో ఫలితం: కార్బన్‌ను పట్టి భూగర్భంలో దాచే టెక్నాలజీ ఎంత ముఖ్యమో, పంట దిగుబడి పెంచడమూ అంతే ముఖ్యం కావచ్చు. ఎకరాకు రెండు బస్తాలు ఎక్కువ పండే వంగడం వస్తే, ఆ మేరకు ఇంకెక్కడో గొడ్డలి పడాల్సిన అవసరం తగ్గుతుంది.