ట్లింగిట్ జంతు చిహ్నాలు పసిపిల్లలకు చెప్పేటప్పుడు: అపోహలు – వాస్తవాలు

ఆగ్నేయ అలాస్కా తీరంలోని ట్లింగిట్ ప్రజల జంతు చిహ్నాలను నాలుగైదేళ్ల పిల్లలకు పరిచయం చేసేటప్పుడు పొరపాట్లు ఎక్కువగా జరిగేది బొమ్మ గీయించే దగ్గర కాదు, ఆ బొమ్మ ఎవరిదో చెప్పే దగ్గర.

అపోహ: పిల్లలు తమకు నచ్చిన జంతువును 'నా చిహ్నం' అనుకోవచ్చు.

వాస్తవం: చిహ్నం వంశానికి చెందిన ఆస్తి. చిహ్నం, దాని కథ, పాట, పేర్లు అన్నీ కలిపి 'అట్‌ఊవ్' అంటారు. సమాజమంతా బొంతకాకి పక్షం, గద్ద పక్షం అని రెండు భాగాలు. సంప్రదాయం ప్రకారం పెళ్లి అవతలి పక్షంతోనే. బొంతకాకి పక్షంలో కిక్స్‌ఆది వంశానిది కప్ప, డేషీతాన్ వంశానిది బీవర్ (చెట్లను పళ్లతో కొరికి, నీళ్లకు అడ్డుకట్ట కట్టే జంతువు). గద్ద పక్షంలో దక్లవేదీ వంశానిది కిల్లర్ వేల్ (నలుపు-తెలుపు రంగుల పెద్ద సముద్ర జంతువు). మన పిల్లలకు ఇంటిపేరు పోలిక బాగా పనికొస్తుంది. అయితే ఇక్కడ పక్షం, వంశం అమ్మ నుంచి వస్తాయని వెంటనే చెప్పాలి. పక్కింటివాళ్ల ఇంటిపేరు బాగుందని మనం పెట్టేసుకోం కదా అంటే ఐదేళ్లవాళ్లకూ అర్థమవుతుంది. అందుకే 'నీ చిహ్నం గీయి' అనే పని మానేసి, 'ఇది ఏ జంతువు? ఎలా కనిపెట్టావు?' అని అడగండి.

అపోహ: నల్లగా, ఎర్రగా రంగులేస్తే ఆ శైలి వచ్చేస్తుంది.

వాస్తవం: ఆ శైలికి ప్రాణం గీత. ప్రధాన గీత నలుపు, లోపలిది ఎరుపు, మిగిలిన చోట్ల నీలి-ఆకుపచ్చ. గీత ఒకే మందంలో సాగదు, ఉబ్బుతూ సన్నబడుతూ పోతుంది. పెన్సిలిస్తే చిన్నపిల్లలు ఒకే మందంతో గీసేస్తారు. అందుకని అట్టముక్కలు ముందే కత్తిరించి ఇవ్వండి: పది సెంటీమీటర్ల వెడల్పు, ఆరు ఎత్తుతో కళ్లకూ కీళ్లకూ వాడే గుండ్రటి ఆకారాలు రెండు, 'యు' ఆకారాలు నాలుగు. ఆ గుండ్రటి ఆకారం కోడిగుడ్డులా ఉండకూడదు. పైఅంచు ఉబ్బి, కిందిఅంచు నడుమ కాస్త లోపలికి నొక్కినట్టు ఉండాలి. ఇక్కడ తప్పితే మొత్తం బొమ్మ చెడుతుంది. ముందు నలుపు అంటించి, తర్వాత లోపల ఎరుపు అంటించాలి.

జంతువును గుర్తుపట్టే ఆనవాళ్లు ఇవి. గద్ద ముక్కు కొస కిందికి వంగి ఉంటుంది, బొంతకాకిది తిన్నగా ఉంటుంది. బీవర్‌కు ముందు రెండు పెద్ద పళ్లు, గళ్ల తోక. కిల్లర్ వేల్‌కు వీపు మీద నిలువు రెక్క. ఏ వంశపు టోటెమ్ స్తంభం (చిహ్నాలు చెక్కిన నిలువెత్తు చెక్క స్తంభం) మీది బొమ్మనూ నకలు దించనివ్వకండి. ఆకారాలు అమర్చడం వరకు చాలు.

అపోహ: ఆ స్తంభాలు దేవుళ్లు.

వాస్తవం: పూజించరు. వంశచరిత్రను, మృతుల జ్ఞాపకాన్ని నిలిపే చెక్కడాలవి. ఎక్కువగా ఎర్ర దేవదారు కలపవి.

అపోహ: ప్రతి కథకూ చివర నీతి చెప్పాలి.

వాస్తవం: పంచతంత్రం అలవాటు ఇక్కడ అడ్డొస్తుంది. చెట్టు సూదిఆకుగా మారి, నీళ్లతో పాటు ఒక అమ్మాయి కడుపులో చేరి, మనవడై పుట్టి, ఏడ్చి ఏడ్చి తాత దగ్గర నక్షత్రాల పెట్టె, చంద్రుడి పెట్టె, చివరికి పగటి వెలుగు పెట్టె సంపాదించిన బొంతకాకి దొంగా, మేలు చేసినవాడా? తేల్చకుండా వదిలేయండి. పిల్లలే వాదించుకుంటారు. బొంతకాకి కథలు అన్ని వంశాల్లోనూ చెప్పుకుంటారు. కానీ పసుపు దేవదారుతో తొలి కిల్లర్ వేల్‌ను చెక్కిన నాట్సిలనే కథ దక్లవేదీలది. చెప్పే ముందు ఆ మాట చెప్పాలి.

అపోహ: ఇదంతా మ్యూజియం సంగతి.

వాస్తవం: అలాస్కా రాజధాని జూనోలో 1982 నుంచి రెండేళ్లకోసారి 'సెలబ్రేషన్' పండుగలో వంశాలు తమ చిహ్నాలు ధరించి ఆడతాయి. అదే ఆగ్నేయ అలాస్కాలోని ఆంగూన్ గ్రామాన్ని 1882 అక్టోబరులో అమెరికా నౌకాదళం ఫిరంగులతో కాల్చి తగలబెట్టింది. కాలిపోకుండా మిగిలిన, బీవర్ బొమ్మ ఉన్న పడవే జనాన్ని ఆ చలికాలం గట్టెక్కించింది. ఆ పడవ ముందుకొసన ఉండే బీవర్ బొమ్మ తర్వాత న్యూయార్క్ మ్యూజియంలో దొరికి, 1999లో ఊరికి తిరిగొచ్చింది. నౌకాదళం క్షమాపణ చెప్పింది 2024లో. చిన్న పిల్లలకు ఫిరంగుల సంగతి వద్దు, పడవ బీవర్ ఇల్లు చేరిన సంగతి చెప్పండి. పెద్ద తరగతులకు మొత్తం చెప్పాలి.